ప్లగ్గు మీది మసి

ఫియట్ బండి మళ్లా తాడు మీదనే వచ్చింది.

ముందట ట్రాక్టరు, ఎనుక తాడు, తాడు కొసకు తెల్లగ మెరుసుకుంట ఫియట్. స్టీరింగు ముందట శ్రవణ్‌కుమార్ నల్ల అద్దాలు పెట్టుకొని, బరాతుల కూసున్న పెండ్లికొడుకు లెక్క కూసున్నడు. రామన్నపేట కెల్లి చిట్యాల దాకా తొవ్వ పొంటి ఉన్న హోటళ్లు, పంచరు దుకాణాలు, బస్సు కోసం నిలబడ్డ జనం, అందరికీ ఒక్కటే సంగతి తెలిసి ఉంటది. డానియల్ కట్టిన ఇంజను ఫెయిలైంది.

హైవే పక్కన సర్వీసు రోడ్డును ఆనుకొని ఉన్న రేకుల షెడ్డు డానియల్‌ది. స్కూటరు చక్రం విప్పుకుంట కూసున్న మనిషి, తాడు చూసి కూడా లేవలేదు. చక్రం ఊడదీసి, నట్లు డబ్బా మూతల పోసి, చేతులు పాత గుడ్డకు తుడుసుకున్నడు. ఒక్కొక్క ఏలు ఏరి ఏరి తుడుసుకున్నడు. మొఖం మీద మాత్రం ఏం కనవడనియ్యలే.

"మల్ల ఏమైంది సారు?"

"నన్నడిగితే? చేసింది నువ్వు." శ్రవణ్‌కుమార్ అద్దాలు తీసి అంగికి తగిలిచ్చుకున్నడు. నల్లగొండల బ్యాంకు కొలువు ఆయనది. బయట మాట్లాడినా కౌంటరు అవతలి కెల్లి మాట్లాడినట్టే ఉంటది. "పొద్దుగాల స్టార్ట్ చేస్తే దగ్గుతాంది. ఒకటే నల్లపొగ. నిన్నైతే అసలే ఎత్తుకోలే."

"మరి తాడెందుకు? ప్లగ్గులు తుడిసి నడిపిచ్చుకుంట రావద్దా?"

"మూఢం కదా. మూఢం ఎల్లేదాక కొత్త ఇంజనుతోని బండి తొవ్వెక్కద్దన్నడు పంతులు."

"గిప్పుడు తొవ్వ మీదికెల్లే కదా వచ్చింది?"

"గుంజుకొని వస్తే ప్రయాణం కిందికి రాదంట. ఇంజను బందే ఉన్నది గదా."

ట్రాక్టరు డ్రైవరు నవ్వు ఆపుకోనీకె తాడు ముడి ఇప్పుతున్నట్టు వంగిండు.

డానియల్ నవ్వలేదు. బానెట్ లేపిండు. పానా పెట్టి నాలుగు ప్లగ్గులు విప్పి, గోనెసంచి మీద వరుసగ పెట్టిండు. ఏది ఏ సిలిండరుదో తారుమారు కావద్దు. ప్లగ్గంటే ఇంజను నాలిక. ఇంజను లోపల ఏం తింటాందో, ఏం అరుగుతలేదో అది చెప్తది. నాలుగూ నల్లగున్నయి, కట్టెల పొయ్యి మీద ఏండ్ల సంది ఉన్న గిన్నె అడుగు లెక్క. బొటనేలుతోని రాసి చూసిండు. పొడి మసి. మఖ్మల్ గుడ్డ లెక్క మెత్తగ అంటింది. నూనె తడి ఉంటే పిస్టను రింగులు కూసోలేదని, అంటే తప్పు తన చేతిదని. పొడి మసైతే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఆ లెక్కన తప్పు కార్బొరేటరుది. అంతవరకు బాగనే ఉన్నది. కానీ రెండో ప్లగ్గు మర కాడ సన్నగ ఏదో మెరిసింది. ఎండకు పట్టి చూస్తే తడి అనిపిస్తది, నీడకు తిప్పితే లేదనిపిస్తది. ఇంకో రెండు మార్లు తిప్పి చూసి, దాన్ని దాని జాగలనే పెట్టిండు.

శ్రవణ్‌కుమార్ ఫోను తీసి గోనెసంచి మీదికి వంగి ఫొటో కొట్టిండు.

"గది ఎందుకు సారు?"

"గ్రూపుల పెడ్త. పాత బండ్లోళ్లు ఉన్నరు గదా, వాళ్లేమంటరో సూద్దాం."

ఆ గ్రూపుల డానియల్ కూడా ఉన్నడు. పాత జీపులు, అంబాసిడర్లు, ఫియట్లు ఉన్నోళ్లు పెండ్లిళ్లకని, షోకుకని మళ్ల బయటికి తీస్తున్నరు గనుక, పని దొరుకుతదని ఆశపడి చేరిండు. జేబుల ఫోను టింగుమన్నది. తీసి చూస్తే తన గోనెసంచి, తన నాలుగు ప్లగ్గులు. కింద రాసి ఉన్నది: డానియల్ అన్న రీబిల్డ్, రెండోసారి. దాని కింద ఒకటెనుక ఒకటి నవ్వే బొమ్మలు వస్తున్నయి.

"నన్ను అన్న అని మంచిగనే రాసినవ్ సారు," అన్నడు డానియల్.

*

చాయ్ హోటల్ బుచ్చయ్య నోరు ఊకోదు. పాలు మరుగుతుంటే గరిటె తిప్పుకుంట లోకం సంగతులన్నీ తిప్పుతడు.

"ఏం డానియల్, నాగేందర్ పటేల్ జీపు హైద్రాబాద్ పంపుతున్నడంటగా? నీకే ఇస్తా అన్నడు గదా మొన్నటిదాక."

"ఇస్తా అన్నడు. ఇయ్యలే."

"ఎందుకట్ల?"

"నీకు తెల్వదా? పొద్దుగాల సంది ఎంతమందికి సూపిచ్చినవ్ నీ ఫోను?"

బుచ్చయ్య గరిటె ఆపిండు. "నేను సూపియ్యలే. వాళ్లే చూసి వచ్చిండ్రు. నేనైతే మనోడు గట్ల చెయ్యడు, ముప్పై ఏండ్ల సంది చేస్తున్నడు, వయసు మీద పడ్డది, చెయ్యి జర వణికి ఉంటది అన్న."

"మంచిగ కాపాడినవ్."

చాయ్ సగం తాగి గిలాస పెట్టేసి షెడ్డుకు వచ్చిండు. చెయ్యి చాచి చూసుకున్నడు. వణుకు లేదు. ఉన్నదా? మళ్ల చాచిండు.

ఆ రోజూ తెల్లారీ ఆ బండి మీదనే పడ్డడు. స్కూటరోడు వచ్చి చక్రం కోసం లొల్లి పెట్టుకొని పోయిండు. కార్బొరేటరు విప్పి పెట్రోల్ల కడిగి, జెట్లు ఒక్కొక్కటి నోట పెట్టి ఊది, సూదివాల్వు మార్చిండు. మళ్ల బిగిచ్చి, మనసు నిలవక మళ్ల విప్పిండు. పాయింట్లు గీకిండు. కాయిలు వైరు పట్టుకొని నిప్పురవ్వ నీలంగ దుంకుతాందా లేదా చూసిండు. ప్లగ్గు రంధ్రం మీద బొటనేలు పెట్టి సెల్ఫు కొట్టిచ్చి, లోపలి గాలి ఏలును ఎంత గట్టిగ ఎత్తేస్తదో చూసిండు. గట్టిగనే ఎత్తేసింది. రింగులు మంచిగనే ఉన్నయన్నట్టు. అయినా నమ్మకం కుదురలే. మళ్ల పెట్టి చూసిండు.

కొత్త బండ్లల్ల డానియల్‌కు ఏం పని లేదు. బానెట్ లేపితే ప్లాస్టిక్ మూత కనవడ్తది. దాని రోగం చెప్పనీకె వేరే డబ్బా ఉంటది, ఆ డబ్బా పట్టనీకె వేరే పోరగాళ్లుంటరు. ఏడో తరగతిల బడి ఇడిసి పానా పట్టిన చేతికి మిగిలినయి గీ పాత బండ్లే. ఇవి కూడ చేతికెల్లి పోతే ఇగ పట్టనీకె ఏం లేదు.

ఆఖరికి ఏర్‌ఫిల్టరు మూత కూడా తీసిండు. తీయాల్సిన పని లేదు. అది కొత్తది, తన చేత్తోని పెట్టిందే. కొత్తదాన్ని ఎవడు అనుమానిస్తడు? కానీ చెయ్యి ఊకుంటలేదు. తీసి చూస్తే లోపలి కాగితం గోధుమరంగుకు తిరిగి, ఏలు పెడితే బంక లెక్క అంటింది. ముక్కు కాడ పెట్టుకున్నడు. పెట్రోలు కాదు, ఇంజనాయిలు కాదు. దుమ్ము వాసన అంతకన్నా కాదు. తెలిసిన వాసనే, పేరు మాత్రం నోటికొస్తలేదు. పక్కకు పెట్టిండు, మళ్ల తీసి వాసన చూసిండు. తర్వాత దాన్ని మూలకు ఇసిరేసి వేరే కొత్త ఫిల్టరు పెట్టి స్టార్ట్ చేస్తే, ఇంజను పిల్లిపిల్ల గురక పెట్టినట్టు నడిచింది.

ట్రాక్టరు వచ్చి బండిని మళ్ల తాడు కట్టి గుంజుకపోయింది. నడిచే బండిని గుంజుకపోతుంటే చూసుకుంట నిలబడ్డడు.

ఇంటికాడ గ్లోరీ బడిల పిల్లలకు వండి వచ్చి, మళ్ల ఇంట్ల పొయ్యి ముందట కూసున్నది.

"తమ్ముడు మల్ల ఫోను చేసిండు," అన్నది. ఆమె తమ్ముడు విజేందర్ మందుల కంపెనీల సెక్యూరిటీ సూపర్‌వైజరు. గేటు కాడ ఒక మనిషి కావాలె. "సోమారం వరకు చెప్పమంటుండు. తర్వాత వేరేటోళ్లను పెట్టుకుంటరంట."

"ఏం చెప్పాలె? వచ్చేటోళ్లకు పొయ్యేటోళ్లకు సలాం కొడ్తనని చెప్పాల్నా?"

"సలాం కొడితే చేతులకు మసి అంటది మరి."

"మసి కడుక్కుంటే పోతది."

"ఎన్నడు పోయింది నీ చేతులది?" గ్లోరీ ఆయన చేతులు చూడలేదు, కూర కలుపుకుంటనే అన్నది. "నేను తక్కువ చేసి అంటలేనయ్యా. పొద్దంత గా ఫోను చూసుకుంట తిరుగుతున్నవ్. తింటలేవ్. ఒక్కకాడ నిలవడ్తలేవ్. గేటు కాడ కుర్చీ అన్న ఉంటది గదా."

సోమారం చెప్త అన్నడు డానియల్.

శనివారం శ్రవణ్‌కుమార్ ఫోను. "డానియల్ అన్నా, మసి మల్ల మొదలైంది. నేనేం అంటలే. ఊకె చెప్తున్న."

*

ఆదివారం చర్చిల మగవాళ్ల దిక్కు గోడకు ఆనుకొని నిలబడ్డడు. పాట అయిపోయింది. ఫాదరు గొలుసులకు ఏలాడే ధూపం గిన్నె ఊపుకుంట నడిమి దారిల వచ్చిండు. పొగ తెల్లగ లేసి, ఫ్యాన్ల గాలికి చీలి, డానియల్ ముక్కుల కొచ్చింది.

సాంబ్రాణి.

ఫిల్టరు కాగితం మీది బంక సాంబ్రాణిది. ఇంజను గాలి పీల్చేకాడ ఎవలో సాంబ్రాణి పొగ పట్టిండ్రు. ఒకసారి పడితే అంత బంక పట్టదు. రోజూ పట్టిండ్రు.

ఎందుకు పడ్తరు?

ఆ ఎందుకు అన్నదానికి జవాబు కోసం ఆయన ఎక్కువ ఎతకలేదు. బండి అప్పజెప్పిన రోజు యాదికొచ్చింది. వాకిట్ల చుట్టాలు, ఇంటి పక్కలోళ్లు. అందరికీ స్టీలు గిలాసలల్ల చాయ్ వచ్చింది, తనకు కాగితపు గిలాసల వచ్చింది. గిలాసలు తక్కువ పడ్డయి అన్నది ఎవలో. అప్పుడు నమ్మిండు. నమ్మితే మనసుకు సులువని నమ్మిండు. ఆ బండిల ప్రతి నట్టు తను తిప్పిందే. సీటు మీద కూసున్నడు, స్టీరింగు పట్టిండు. మైల పోవద్దా మరి? ఇంట్ల చావైతే పొగ ఏస్తరు, రాగూడనోడు వచ్చిపోతే పొగ ఏస్తరు. తను చేసిన ఇంజనుకు తన చెయ్యి తగిలిన పాపానికి పొగ ఏసి, ఆ పొగతోనే దాని ఊపిరి మూసి, ఆ మసిని మళ్ల తన మొఖానికే పూసి ఊరంత తిప్పుతున్నరు.

జనం మోకాళ్ల మీద కూసున్నరు. డానియల్ నిలబడే ఉన్నడు. పక్కాయన అంగి పట్టి గుంజితే కూసున్నడు.

ఆదివారం పొద్దంత ఏం మాట్లాడాలెనో మనసుల కూర్చుకున్నడు. సారు అనద్దు. ఆయన తల్లిని పెద్దమ్మ అనద్దు. నలుగురు వినేటట్టు అనాలె.

*

సోమారం పొద్దు పొడవంగనే మోపెడు మీద పానల సంచి పెట్టుకొని రామన్నపేట పోయిండు. ఫోను చెయ్యలే. చేస్తే పొగ గిన్నె దాస్తరు.

పద్మశాలోళ్ల గల్లీ. అప్పటికే రెండు మూడు ఇండ్లల్ల మగ్గాలు ఆడుతున్నయి. శ్రవణ్‌కుమార్ వాళ్ల ఇంట్ల కూడా, లోపలి అర్రల, తండ్రి మగ్గం చప్పుడు వినవస్తాంది. గేటు తీసే ఉన్నది. రేకుల కింద ఫియట్ బానెట్ లేపి ఉన్నది, ఇంజను నడుస్తాంది. ఆ చప్పుడు ఇనంగనే డానియల్‌కు తెలిసిపోయింది, చోక్ మొత్తం గుంజి ఉన్నది. చలికాలం ఇంజను అందుకోనీకె ఒక్క నిమిషం పెట్రోలు ఎక్కువ పోసే బుడిపె అది. గీ ఎండకాలం దానితోని పనే లేదు.

శ్రవణ్‌కుమార్ తల్లి వెంకటనర్సమ్మ, డెబ్బై ఏండ్ల మనిషి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లిన మట్టి గిన్నె పట్టుకొని ఇంజను మీద అటూ ఇటూ తిప్పుతాంది. పెదవులు కదులుతున్నయి.

డానియల్ నేరుగ పోయి తాళం తిప్పి ఇంజను బంద్ చేసిండు. సప్పుడు ఆగంగనే ఆమె ఉలిక్కిపడి చూసింది.

"డానేలు? ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?"

"ఇంకా పోలేదా?" అన్నడు డానియల్. తన గొంతు తనకే కొత్తగున్నది. "నా చెయ్యి తగిలిన మైల ఇంకా పోలేదా మీ బండికి? ఎన్నొద్దులు ఏస్తరు పొగ? మా వాడకెల్లి బండి మీ వాకిట్లకు రావద్దంటే తొలుతనే చెప్పకపోయిండ్రా? చేయించుకున్నప్పుడు లేని మైల చేసినంక వచ్చిందా?"

ఎదురింటి గోడ మీద రెండు తలలు లేసినయి. పక్కింట్ల మగ్గం ఆగింది. శ్రవణ్‌కుమార్ నోట్ల బ్రష్షుతోనే బయటికొచ్చిండు.

వెంకటనర్సమ్మ గిన్నె పట్టుకొని అట్లనే నిలబడ్డది. "మైలేందిరా?" అన్నది.

"నాకు చెప్తవా మైలేందో?"

"నువ్వేం మాట్లాడుతున్నవో నాకు తెలుస్తలేదు."

డానియల్ చూపిస్తననుకుంట ఫిల్టరు మూతి దిక్కు చెయ్యి చాపిండు. చాపిన చెయ్యి అక్కడనే ఆగింది. ఇంజను గాలి పీల్చే ఆ మూతిల తెల్లటి దూది ఉండ కుక్కి ఉన్నది. మసి అంటలేదు, ఏకిన శుభ్రమైన దూది. దాని మీద పాత చీర పేలిక చుట్టి ముడేసి ఉన్నది.

"గిదేంది?" అన్నడు.

"దూది."

"దూదని నాకు కనవడ్తాంది. మూతిల ఎందుకు పెట్టిండ్రు?"

ఆమె ఆయన్ను, ఏం తెల్వని పిలగాన్ని చూసినట్టు చూసింది. "బాలెంతకు చెవులల్ల దూది పెట్టకుంటే గాలి పట్టదా? దీనికి చెవులు ఎక్కడున్నయో నాకు ఎర్కలే. గాలి పోయేకాడ పెట్టిన. రోజూ కొత్త దూది మారుస్తున్న, బయటికి పంపేటప్పుడు తీసేస్తున్న. ఇంట్ల ఉన్నప్పుడే పెడ్తున్న."

డానియల్ ఆ దూది ముడిని ఏలుతోని తాకి చూసిండు.

"నువ్వే కదరా చెప్పినవ్," అన్నది వెంకటనర్సమ్మ. "బండి తెచ్చిచ్చిన నాడు, గిక్కడనే నిలవడి. కొత్త ఇంజను బాలెంత అసుంటిది పెద్దమ్మా, పైలంగ చూసుకోండ్రి అన్నవ్. అన్నవా లేదా?"

అన్నడు. అందరికీ అంటడు. పని నేర్పిన ఉస్తాదు అనేటోడు, ఆయన నోట్లకెల్లి డానియల్ నోట్లకొచ్చింది. తొలి నెల ఎక్కువ ఉరికియ్యద్దని దాని అర్థం. బండ్లోళ్లు ఆ మాటకు నవ్వి, తలకాయ ఊపి, గల్లీ మలుపు తిరగంగనే ఇంజను ఒర్రేటట్టు తొక్కుతరు. ఇన్నేండ్లల్ల ఆ మాటను ఒక్కడు కూడా చెవుల ఏసుకోలే.

"సల్లగాలి తగలనియ్యలే," అన్నది ఆమె. "పొద్దూకంగనే గొంగడి కప్పిన. ఎచ్చగుండాలెనని పొద్దుగాల ఆ బుడిపె గుంజి, ఎండ పడేదాక నడిపిస్తున్న. పొగ ఏస్తే ఎంత మంచిగ గుంజుకుంటదనుకున్నవ్. మా కోడలు గూడ గట్ల పీల్చలే. నువ్వు చెప్పినట్టే చేస్తినిరా. ఏం తక్కువ చేస్తిని?"

శ్రవణ్‌కుమార్ నవ్విండు. బ్రష్షు తీసి నురుగు ఉమ్మి మళ్ల నవ్విండు. "అమ్మా, నీకు మతి ఉన్నదా? బండికి పురుడు పోస్తున్నవా? నేను లేవకముందు రోజూ గిదేనా? పొద్దుగాల జర వేడి చేస్తున్న అంటే ఏమో అనుకున్న." ఫోను జేబుల కెల్లి తీసిండు. "ఉండు. ఆ గిన్నె పట్టుకో. గట్లనే నిలవడు. గ్రూపుల పెడ్త, అందరూ ఒక్కసారి చూడాలె."

ఆమె గిన్నె దించలేదు, దాచలేదు. కొడుకు నిలబడమన్నడు గనుక నిలబడ్డది. దూది దిక్కు చూస్తాంది.

ఆ ఒక్క ఫొటో చాలు. నల్లప్లగ్గుల బొమ్మ కింద గది పడితే డానియల్ పేరు అక్కడికక్కడ కడిగినట్టయితది. నాగేందర్ పటేల్ జీపు వాపసొస్తది. బుచ్చయ్య గరిటె వేరే దిక్కు తిరుగుతది. ముసలామె సంగతా, వాళ్ల ముసలామె, వాళ్ల కొడుకు, వాళ్ల గ్రూపు.

డానియల్ బొటనేలు పోయి ఫోను కెమెరా మీద పడ్డది. అద్దం మీద నల్లగ మరక పడ్డది.

"వద్దు," అన్నడు.

"నీ మంచికే కదా పెడ్తున్న?"

"నా మాటే అది. నేనే చెప్పిన. గది రాయి గ్రూపుల."

"అయితే తప్పు నీదేనని రాస్త మరి."

"రాయి."

శ్రవణ్‌కుమార్ అంగి కొసతోని ఫోను తుడుసుకుంట ఆయన దిక్కు చూసిండు, ఈ మనిషికి కూడా మతి పోయిందా అన్నట్టు.

డానియల్ దూది తీసిండు. జేబుల పెట్టుకున్నడో, కింద పడేసిండో ఆయనకే తెల్వదు. వెంకటనర్సమ్మ దిక్కు చూడకుండ, ఇంజనుతోని మాట్లాడినట్టు మాట్లాడిండు. "బాలెంత అంటే... ఉరికియ్యద్దని అన్న పెద్దమ్మా. కూసోబెట్టమని కాదు. నా మాటనే సక్కగ లేదు. దీనికి పని కావాలె. ఎత్తు మీద బరువు మీద నడిస్తేనే రింగులు తమ జాగాల కూసుంటయి. ఊకె నిలవెట్టి నడిపిస్తే మసి పట్టుడే."

"అయితే నడిపియ్యి."

లోపల మగ్గం ఆగింది. "మూఢంల బండి చక్రం కదలద్దన్నడు పంతులు," అని శ్రవణ్‌కుమార్ తండ్రి గొంతు మాత్రం బయటికొచ్చింది.

వెంకటనర్సమ్మ నిప్పుల గిన్నె గోడ పక్కన పెట్టి చేతులు కడుక్కున్నది. "పురుడుకు మూఢం ఉంటదా?" అన్నది లోపలి దిక్కు. "బాలెంత బాయి కాడికి పోయే దినం పంతుల్ని అడిగి పెట్టుకుంటమా? ఇరువై ఒక్క దినాలు దాటినయి దీనికి. ఎన్నడో పోవాల్సింది."

లోపల మగ్గం మళ్ల ఆడుడు మొదలైంది.

"ఉండు, నేను అంగి ఏసుకొని వస్త, నేను నడుపుత," అన్నడు శ్రవణ్‌కుమార్.

"నువ్వెందుకు? పురుడు పోసినోళ్లే తొలుత బాయి కాడికి తోల్కపోవాలె." ఆమె కొంగు నడుముకు చెక్కుకొని ముందటి సీట్ల ఎక్కి కూసున్నది.

డానియల్ వాళ్లవ్వ గల్లీ గల్లీల పురుళ్లు పోసిన మంత్రసాని. గీ గల్లీల కూడా పోసింది. బిడ్డను కడిగి చేతుల పెట్టి, వచ్చిన దొడ్డి దర్వాజ కెల్లే ఎల్లిపోయేది. ఆ సంగతి ఈమెకు తెలిసే అన్నదో, తెల్వకనే అన్నదో. అడగలే. సంచిల కెల్లి కొత్త ఫిల్టరు, కొత్త ప్లగ్గులు తీసి, నలుపెక్కినవి విప్పి, ఇవి బిగిచ్చిండు. చోక్ లోపలికి నూకిండు. బండిని ముంగటి గేటు కెల్లి బయటికి తీసిండు.

*

గల్లీ దాటేదాక మెల్లగ పోయిండు. చిట్యాల రోడ్డు ఎక్కినంక స్టీరింగు పక్కన ఉన్న గేరు కాడను నాలుగోదానిల ఏసి, మెల్లగున్న బండిని ఒక్కసారి ఒత్తిండు. ఇంజను మూల్గింది. గద్దించినట్టు జర వణికింది. ఎనుక అద్దంల నల్లపొగ రోడ్డంత కమ్మింది. ఒక ఆటోవాడు తిట్టుకుంట పక్కకు తీసిండు.

"కష్టమైతాందా దానికి?" అన్నది వెంకటనర్సమ్మ. ముందటి పట్టీ రెండు చేతులతోని పట్టుకున్నది.

"కష్టం కావాలె."

దిగుడు కాడ కాలు తీసిండు. మళ్ల ఎత్తు. మళ్ల ఒత్తుడు. బత్తాయి తోటలు, మూతబడ్డ రైసుమిల్లు, రోడ్డు పక్క తాటిముంజల కుప్పలు ఎనక్కు పోతున్నయి. పొగ నలుపు కెల్లి బూడిదకు తిరిగింది. డానియల్ మనసుల మాత్రం ఇంకా ఒక్కటే తిరుగుతాంది. రెండో సిలిండరు, ఆ మెరుపు, ఆ తడి. ఒకవేళ నిజంగనే తన చెయ్యే తప్పి ఉంటే?

ఫోను మోగింది. రెండు చేతులు స్టీరింగు మీదనే ఉన్నయి. ఆమే ఆయన అంగి జేబుల చెయ్యి పెట్టి ఫోను తీసి, ఎక్కడ ఒత్తాల్నో అడిగి, ఒత్తి, ఆయన చెవు కాడ పట్టింది.

"బావా, ఏం చెప్పమంటవ్?" విజేందర్ గొంతు. "మా సారు అడుగుతుండు. ఏందా సప్పుడు?"

"ఎత్తు ఎక్కుతున్న." డానియల్ ఇంకింత తొక్కిండు. "ఇంకెవల్నన్న చూసుకోమను విజేందర్."

"నిజంగనే? బావా, అక్క నన్ను కొడ్తది."

"ముందు నన్ను కొడ్తది తియ్. నీ వంతు వచ్చేవరకు ఆమె అలిసిపోతది."

ఎత్తు పైకి ఎక్కంగనే, ఇంజను నిండు ఊపుల ఉన్నప్పుడే తాళం తిప్పి బంద్ చేసి, క్లచ్ తొక్కి బండిని సప్పుడు లేకుండ రోడ్డు పక్కకు జారిచ్చిండు. గట్ల ఆపితేనే ప్లగ్గు ఉన్నదున్నట్టు చెప్తది. మెల్లగ ఆగనిస్తే అబద్ధం చెప్తది. బానెట్ లేపితే వేడి మొఖానికి కొట్టింది. రెండోది విప్పిండు. మూడోది కాదు, ఒకటోది కాదు, రెండోదే. గుడ్డల పట్టుకొని, ఊపిరి బిగవట్టి, ఎండకు తిప్పిండు.

తడి లేదు. మర కొసల దాకా పొడి.

"మంచిగున్నదా?" అన్నది ఆమె. బండి దిగి వచ్చి పక్కన నిలబడ్డది.

"మంచిగనే ఉన్నది పెద్దమ్మా. గోధుమరంగు. గిట్లనే ఉండాలె."

"తే ఇటు." కొంగు మడతేసి చెయ్యి చాపింది. డానియల్ గుడ్డతో సహా ఆ మడతల పెట్టిండు. నూలుకు రంగులద్దుడుల కండ్లు అరగదీసుకున్న మనిషి. ప్లగ్గు కొసన ఉన్న తెల్ల పింగాణిని కంటి కాడికి తెచ్చుకొని, దూరం పెట్టి, మళ్ల దగ్గరికి తెచ్చుకొని చూసింది.

"గోధుమ కాదు," అన్నది. "కరక్కాయ నీళ్లల్ల ఒక్క మునక ముంచి తీసిన నూలు. రెండో మునక ఏస్తే ఇంకింత ముదురుతది."

"ముదరద్దు."

"అయితే ఒక్కటే మునక."

"ఒక్కటే."

ప్లగ్గు తిరిగిచ్చింది. డానియల్ దాన్ని ఏళ్లతోనే మరల పట్టిచ్చి తిప్పిండు. చేతికి తిరిగినంతసేపు పానా ముట్టలేదు. జేబుల ఫోను టింగుమన్నది, ఎంటనే ఇంకోపారి టింగుమన్నది. శ్రవణ్‌కుమార్ రాసి ఉంటడు. తీయలేదు.

"ఇగ మీద ఎవలకన్న చెప్పేటప్పుడు బాలెంత అని చెప్పకు డానేలు."

"మరేం చెప్పాలె?"

వెంకటనర్సమ్మ బండి చుట్టూ ఒక్కసారి చూసుకున్నది. ఎత్తు ఎక్కి ఎక్కి ఎండల నిలబడి టిక్కు టిక్కుమని చల్లారుతున్న బండిని.

"కొత్త కోడలు అని చెప్పు," అన్నది. "తెల్లారంగనే లేపి, ఊపిరి ఇడువనియ్యకుంట పని చెప్తరు."

డానియల్ బానెట్ మీద చెయ్యి పెట్టుకొని నవ్విండు. చానా దినాలకు వచ్చిన నవ్వు, దగ్గు లెక్క వచ్చి ఆగలేదు. ఆమె నవ్వలేదు. ఆమె మాటను ఆమె నిజంగనే అన్నది. సీట్ల ఎక్కి కూసొని, అటు దిగుడుకు పోయి మళ్ల పైకి లేసే రోడ్డును చెయ్యితోని చూపిచ్చింది.

"ఇంకో ఎత్తు ఉన్నది గదా అటు? పోనియ్యి."